వద్దన్న తండ్రి వేరు, జాడలేని తండ్రి వేరు

పాస్‌పోర్టు అధికారులకు, రాష్ట్ర ప్రభుత్వంలో గల్ఫ్, ఎన్నారై వ్యవహారాలు చూసే వారికి, మహిళా శిశు సంక్షేమ శాఖకు, ఫ్యామిలీ కోర్టుల్లో వాదించే వకీళ్లకు ఒక తాత రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

నమస్కారం. మాది జగిత్యాల జిల్లా. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఈ లేఖలో రాసే సంగతులన్నీ ఇంతకుముందే మూడు అర్జీల్లో రాసి ఇచ్చాను. రెండింటికి రసీదు ఇచ్చారు, ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు. అందుకే ఇలా నలుగురిలో పెడుతున్నాను.

మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివింది. 2023 అక్టోబరు నుంచి ఇంగ్లండ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తోంది. ఆమె కూతురు ఆరో తరగతి, మా దగ్గర ఉంటోంది. పిల్ల తల్లి దగ్గరికి పోకుండా ఆపుతున్నది తండ్రి సంతకం ఒక్కటే. మా అల్లుడు 2015లో దుబాయ్ వెళ్లాడు. అప్పటికి పిల్లకు ఏడు నెలలు. 2018 ఉగాది నాడు ఫోన్ చేసి పచ్చడి చేశారా అని అడిగాడు. అదే ఆఖరు. ఆ తర్వాత నంబరు కలవలేదు, రూపాయి రాలేదు. వియ్యంకుల ఇంటికి పోయి అడిగితే "మాకూ చేస్తలేడు" అన్నారు. అది నిజమో కాదో నేను చెప్పలేను.

ముందే ఒక మాట. బిడ్డను దేశం దాటించాలంటే తల్లిదండ్రులిద్దరి ఒప్పుదల ఉండాలన్న నియమాన్ని నేను తప్పుపట్టడం లేదు. మొగుడూపెళ్లాల తగాదాలో బిడ్డను చెప్పాపెట్టకుండా విమానం ఎక్కించిన తల్లులూ ఉన్నారు, తండ్రులూ ఉన్నారు. అలా తీసుకుపోయిన పిల్లలను వెనక్కి రప్పించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం ఇంకా చేరలేదు. చేరమని లా కమిషన్ 2009లోనే సిఫారసు చేసింది. కాబట్టి జాగ్రత్త ఉండాల్సిందే. నా బాధల్లా, "నేను ఒప్పుకోను" అన్న తండ్రినీ, అసలు ఎక్కడున్నాడో తెలియని తండ్రినీ మీరు ఒకే గాటన కట్టడం. మొదటివాడితో మాట్లాడవచ్చు, కోర్టులో వాదించవచ్చు. రెండోవాడి కోసం గోడకు చెప్పుకోవాలి.

మాకు జరిగినవి వరసగా రాస్తాను.

1. పాస్‌పోర్టు. పాస్‌పోర్టు దరఖాస్తుతో జత చేసే రాతపత్రాలను అనెక్జర్లు అంటారు. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేస్తే అనెక్జర్ డి. ఒకరి ఒప్పుదల దొరకకపోతే, ఉన్నవాళ్లు కారణం రాసి ఇచ్చే అనెక్జర్ సి. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ ఈ అనెక్జర్లను 15 నుంచి 9కి తగ్గించి, నోటరీ అక్కర్లేదు, తెల్లకాగితం మీద స్వయంగా రాసి ఇస్తే చాలని ప్రకటించింది. పిల్ల దరఖాస్తులో తల్లి పేరో తండ్రి పేరో ఒక్కటే ఇచ్చినా తీసుకుంటామంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు టోకెన్ పట్టుకుని రెండున్నర గంటలు కూర్చున్నాక కౌంటర్ దగ్గర అడిగింది ఒకటే: "ఫాదర్ రాలేదా?" దుబాయ్‌లో ఉన్నాడు, ఆచూకీ లేదు అంది మా అమ్మాయి. "అయితే డైవోర్స్ పేపరో, కోర్టు ఆర్డరో తీసుకురండి." విడాకులు కాలేదు సార్ అంటే ఆయన ఫైలు మూసి మా వైపు జరిపాడు. పక్కనే ఉన్న ఇంకొకాయన పిల్లను దగ్గరికి పిలిచి, "మీ నాన్న ఎక్కడున్నాడమ్మా?" అని మెల్లగా అడిగాడు. ముద్దుగానే అడిగాడు, ఆయన్ను ఏమీ అనను. పిల్ల "దుబాయ్" అంది. "ఎప్పుడు వస్తాడు?" పిల్ల నా మొహం చూసింది. తండ్రిని అది పెళ్లి ఆల్బంలో తప్ప చూడలేదు. ఆల్బంలో ఆయన కళ్లజోడు పెట్టుకుని ఉంటాడు, దాన్ని బట్టి గుర్తుపడుతుంది.

రెండోసారి మా చుట్టాలబ్బాయి నిబంధన కాగితం ప్రింట్ తీసి ఇస్తే పట్టుకుపోయాం. అదే కౌంటర్, అదే ఫైలు. పది నిమిషాల్లో పని అయింది. మొదటిసారి లేని రూలు రెండోసారి ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలనిపించింది. అడగలేదు. పని అయ్యాక అడిగే అలవాటు మనకు ఉండదు కదా.

2. రుజువు. ఇంగ్లండ్‌లో కేర్ వర్కర్లుగా చేరేవాళ్లు పిల్లలను తెచ్చుకోకుండా 2024 మార్చి 11 నుంచి ఆపేశారు గానీ నర్సులు తెచ్చుకోవచ్చు. అయితే తల్లిదండ్రుల్లో ఒక్కరే అక్కడ ఉంటే, బిడ్డ బాధ్యత పూర్తిగా ఆ ఒక్కరిదే అని రుజువు చూపాలి. కోర్టు ఆర్డరే తేవాలని ఆ దేశపు నిబంధనలో లేదు. బిడ్డ చదువు, వైద్యం, ఖర్చు, ముఖ్యమైన నిర్ణయాలు ఎవరివో తెలిపే కాగితాలు చాలు. ఆ కాగితాలు ఇక్కడ ఎవరిస్తారు? బడికి పోతే హెడ్మాస్టరు గారు, "తండ్రి పేరు రికార్డులో ఉంది, ఆయన రావడం లేదని నేనెట్లా రాసిస్త?" అన్నారు. తహసీల్దారు ఆఫీసులో తమ పరిధి కాదన్నారు. పోలీస్ స్టేషన్లో మిస్సింగ్ కేసు రాయాలంటే తప్పిపోయినవాడి తల్లిదండ్రులు రావాలన్నారు, వియ్యంకులు రాలేదు. ఆచూకీ కోసం ఆన్‌లైన్లో ఫిర్యాదు పెడితే, ఏ కంపెనీలో చేస్తున్నాడో చెప్పమన్నారు. అది తెలిస్తే మేమే పట్టుకునేవాళ్లం.

ఒక సంగతి మీరు గమనించాలి. మా అల్లుడు తొమ్మిదో తరగతితో ఆపేశాడు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్, అంటే పనికి విదేశం పోయే ముందు ప్రభుత్వ తనిఖీ ఉండాల్సిన రకం. పనికోసం యూఏఈతో సహా 18 దేశాలకు పోవాలంటే వాళ్లు ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే దేశం దాటి పనికి పోయే అనుమతి తీసుకోవాలి. అందులో యజమాని పేరు, కాంట్రాక్టు అన్నీ ఉంటాయి. ఆయన విజిట్ వీసా మీద దొంగదారిన పోలేదు, క్లియరెన్స్ తీసుకునే పోయాడు. అంటే పోయేటప్పుడు ప్రభుత్వం దగ్గర ఆయన లెక్క ఉంది. భార్య అడిగితే మాత్రం లేదు.

3. కోర్టు. కాబట్టి మిగిలింది కోర్టే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద 2023 సెప్టెంబరులో ఫ్యామిలీ కోర్టులో జీడబ్ల్యూఓపీ, అంటే బిడ్డకు గార్డియన్‌గా నియమించమనే పిటిషన్ వేశాం. సమన్లు వియ్యంకుల ఊరికి పోయాయి. సమన్లు అందించే కోర్టు ఉద్యోగి అమీనా "మనిషి లేడు" అని రాసుకొచ్చాడు. మళ్లీ పంపారు, మళ్లీ లేడు. తర్వాత పేపర్లో ప్రకటన వేయమన్నారు. దుబాయ్‌లో ఉన్న మనిషి జగిత్యాల ఎడిషన్ చదువుతాడా అని నేను వకీలు గారిని అడిగాను. "చదివాడా లేదా అన్నది కాదు పెద్దాయనా, వేశామా లేదా అన్నదే" అన్నాడు. వేశాం. నడుమ జడ్జిగారు బదిలీ అయ్యారు, కొన్ని నెలలు ఆ కుర్చీలో ఎవరూ లేరు. మొత్తం 17 వాయిదాలు. నేను ఒక్కటీ తప్పలేదు. బస్సు పాస్ ఉంది కాబట్టి చార్జీలు లేవు, అదొక్కటే కలిసొచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఎక్స్‌పార్టీ ఆర్డర్, అంటే అవతలివాళ్లు రాకపోయినా ఇచ్చే ఆర్డర్ వచ్చింది. బిడ్డకు గార్డియన్ తల్లే అని.

ఆ రోజు స్వీట్లు పంచాను. తొందరపడ్డాను.

4. సెక్షన్ 26. కోర్టు నియమించిన గార్డియన్ ఆ కోర్టు పరిధి దాటి బిడ్డను తీసుకుపోవాలంటే మళ్లీ కోర్టు అనుమతి ఉండాలని అదే చట్టం 26వ సెక్షన్ చెబుతుంది. విదేశానికి తీసుకుపోవడానికే కేసు వేశామని వకీలుకు మొదటి రోజే చెప్పాం. అయినా పిటిషన్‌లో ఆ అనుమతి అడగలేదు. ఇప్పుడు దానికి వేరే దరఖాస్తు, వేరే నోటీసు. కనబడని మనిషికి మళ్లీ నోటీసు.

5. ఇక దొంగ సంతకం. కోర్టు ఎదురుగా నోటరీలు కూర్చునే చోట ఒకతను నా ఫైలు చూసి, ఐదు వేలిస్తే తండ్రి సంతకంతో అఫిడవిట్ తెచ్చిస్తానన్నాడు. "అక్కడ తెల్లోడికి మీ అల్లుడి సంతకం తెలుసా?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజం రాస్తున్నాను, ఆ పని చేయాలనిపించింది. మా అమ్మాయికి ఫోన్‌లో చెబితే కోప్పడింది. వీసా దరఖాస్తులో మోసం దొరికితే 10 ఏళ్ల దాకా ఆ దేశం రానివ్వదట, ఉన్న ఉద్యోగానికీ ఎసరు. కానీ 17 వాయిదాలు తిరగలేని ఆడపిల్లలు ఎంతమంది ఆ ఐదు వేల దగ్గర ఆగిపోతున్నారో మీరే ఆలోచించండి. నిజం చెప్పేవాళ్లకు రెండేళ్లు, అబద్ధానికి ఒక పూట. ఈ ఏర్పాటు చేసింది ఆ నోటరీ దగ్గరి మనిషి ఒక్కడే కాదు.

ఇంగ్లండ్ ఆసుపత్రి ఇచ్చిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ మూడు నెలలు చెల్లుతుంది. ఆ లోపల వీసాకు దరఖాస్తు చేయాలి. కోర్టుకు రెండేళ్లు, సర్టిఫికెట్‌కు మూడు నెలలు. ఈ లెక్కలో తల్లికి ఉన్న దారి ఉద్యోగం వదులుకోవడమో, బిడ్డను వదిలిపోవడమో. ఆమె చదువుకు తెచ్చిన అప్పు ఉంది, భర్త గల్ఫ్ పోవడానికి తెచ్చిన అప్పులో మిగిలింది కూడా ఆమే కడుతోంది. అందుకే బిడ్డను మా దగ్గర వదిలి పోయింది.

పిల్ల సంగతి కొంచెం చెబుతాను. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, పొద్దున్నే నిలబడలేదు. అందుకని జడలు నేనే వేస్తాను. మొదట్లో ఒకటి పైకి ఒకటి కిందికి వచ్చేవి. మా అమ్మాయికి నైట్ డ్యూటీ ఉంటే చలికాలం అక్కడ ఒంటిగంట బ్రేక్‌లో వీడియో కాల్ చేస్తుంది. మనకు పొద్దున ఆరున్నర. ఫోను చక్కెర డబ్బాకు ఆనించి పెడతాం. "బాపూ, ఎడమ జడ వదులైంది, మళ్లీ వెయ్యి" అంటుంది అక్కడి నుంచి. నేను విప్పి మళ్లీ వేస్తాను. పిల్ల ఇదివరకు ఫోన్లో తల్లితో అన్నీ చెప్పేది. ఈ మధ్య "ఆఁ", "ఊఁ" అని ఊరుకుంటోంది. తాతా, కాల్ కట్ చేయనా అని నన్నడుగుతోంది. ఇది ఏ అనెక్జర్‌లో రాయాలో నాకు తెలియదు.

మాది ఒక్కరిదే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. కోర్టు వరండాలో బల్ల మీద నాతో కూర్చున్నవాళ్లలో ఒకామె ఉంది. ఆమె భర్త జాడ ఉన్నవాడే, హైదరాబాద్‌లోనే ఉద్యోగం. బిడ్డతో పాటు కెనడా పోవడానికి, వెంటరాని తల్లి లేక తండ్రి ఇచ్చే డిక్లరేషన్ ఫారం ఒకటి అక్కడి ప్రభుత్వం అడుగుతుంది. ఆ ఫారం మీద సంతకం పెట్టాలంటే మనోవర్తి కేసు వాపసు తీసుకోమన్నాడట. ఆస్ట్రేలియాకు కూడా 18 ఏళ్లలోపు పిల్లల వీసాకు అలాంటి ఒప్పుదల ఫారమే ఉంది. అమెరికాలో పుట్టిన బిడ్డలతో ఇక్కడికి తిరిగొచ్చిన తల్లుల గోస ఇంకోరకం. 16 ఏళ్లలోపు వాళ్ల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లకే ముగుస్తుంది, మళ్లీ తీసుకోవాలంటే ఇద్దరి ఒప్పుదల కావాలి, దగ్గర లేని తండ్రి నోటరీ చేసిన పత్రం పంపాలి. పంపడు. లేదా ఇంత ఇస్తే పంపుతానంటాడు. సంతకానికి రేటు కట్టే తండ్రిని నేను మూడో రకంలో వేస్తాను. వాడిది అభ్యంతరం అనిపించుకోదు, బేరం అంటారు దాన్ని.

కొత్త చట్టం చేయండని నేను అడగడం లేదు. ఉన్నదే చాలు. 1984లో గీతా హరిహరన్ అనే తల్లి కొడుకు పేరు మీద రిజర్వు బ్యాంకు బాండ్లకు దరఖాస్తు పెడితే, తండ్రి సంతకం తెమ్మన్నారు. ఆమె సుప్రీంకోర్టు దాకా పోయింది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో మైనరుకు సహజ సంరక్షకుడు "తండ్రి, ఆయన తర్వాత తల్లి" అని ఉంది. ఆ "తర్వాత" అంటే తండ్రి చనిపోయాక అని కాదు, తండ్రి లేనప్పుడు అని అర్థం చేసుకోవాలని 1999 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. లేకపోవడం అంటే ఏమిటో కూడా చెప్పింది. బిడ్డను పట్టించుకోకపోయినా, తల్లీబిడ్డా ఉండే చోటికి దూరంగా ఉండి బాధ్యత చూడలేకపోయినా ఆ తండ్రి లేనట్టే, తల్లే సంరక్షకురాలు. పెళ్లికాని తల్లి గార్డియన్‌షిప్ అడిగినప్పుడు తండ్రికి నోటీసు ఇచ్చి తీరాలని లేదని 2015లో ఇంకో తీర్పు వచ్చింది. దేశంలో పెద్ద కోర్టు 1999లో చెప్పిన మాట 2023లో మా కౌంటర్ దాకా రాలేదు. మా పల్లెవెలుగు బస్సు కూడా ఇంత ఆలస్యంగా రాదు.

కాబట్టి నా డిమాండ్లు ఇవి.

1. పాస్‌పోర్టు అధికారులు అనెక్జర్ సి గురించి తెలుగులో బోర్డు పెట్టాలి, టోకెన్ ఇచ్చే చోటే పెట్టాలి. తండ్రి రాలేదన్న కారణంతో ఫైలు వెనక్కి ఇస్తే ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వాలి. పాస్‌పోర్టు నిరాకరిస్తే కారణాలు రాయాలనీ, అడిగితే నకలు ఇవ్వాలనీ 1967 పాస్‌పోర్టు చట్టంలోనే ఉంది. నోటితో పంపించేస్తే మేం దేని మీద అప్పీలు చేయాలి?

2. గల్ఫ్‌కు క్లియరెన్స్ తీసుకుని పోయిన మనిషి గురించి భార్యగానీ బిడ్డ తరఫువాళ్లుగానీ అడిగితే, ప్రభుత్వం దగ్గరున్న ఆఖరు చిరునామా, యజమాని పేరు కోర్టుకైనా ఇవ్వాలి. రాయబార కార్యాలయం ద్వారా 60 రోజులు వెతికించి, దొరకకపోతే "ఆచూకీ దొరకలేదు" అని ఒక కాగితం ఇవ్వాలి. ఈ లేఖలో మీరు ఒక్కటే చదువుతారనుకుంటే ఈ రెండోది చదవండి. ఆ ఒక్క కాగితం మా చేతిలో ఉంటే మిగతావి సగం తేలికవుతాయి.

3. తల్లి ఒక్కతే బిడ్డను పెంచుతోందని విచారణ చేసి ధ్రువీకరించే బాధ్యత జిల్లా స్థాయిలో ఒక అధికారికి అప్పగించాలి. అంగన్‌వాడీ టీచర్‌ను అడిగినా చెబుతుంది, పిల్లను బడికి ఎవరు తీసుకొస్తున్నారో.

4. జాడలేని తండ్రి కేసుల్లో సమన్లు వాట్సాప్‌కు, ఈమెయిల్‌కు కూడా మొదటి వాయిదాలోనే పంపేలా చూడాలి. తల్లికి వీసా గడువు ఉన్నప్పుడు తాత్కాలిక అనుమతి మీద ముందే విచారణ జరపాలి. బిడ్డను ఏటా సెలవుల్లో తీసుకొస్తామని హామీ రాయించుకోండి, పూచీకత్తు అడగండి, మేం ఇస్తాం.

5. వకీళ్లకు ఒక మనవి, మనవి కన్నా గట్టిదే. విదేశం కోసం వేసే ప్రతి జీడబ్ల్యూఓపీలో సెక్షన్ 26 అనుమతి కూడా కలిపి అడగండి. మీకు అది నాలుగు లైన్లు, మాకు ఇంకో ఏడాది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉందని 1987 చట్టం చెబుతోంది. ఆ సంగతి ఫీజు తీసుకోకముందు చెప్పండి.

6. సంతకాన్ని అడ్డం పెట్టుకుని మనోవర్తి వదులుకోమనే తండ్రుల విషయంలో, ఆ బేరాన్ని అభ్యంతరంగా లెక్కించకూడదు. నిజంగా బిడ్డ మీద ప్రేమతో వద్దనే తండ్రికి 30 రోజుల నోటీసు ఇవ్వండి, ఆయన మాట పూర్తిగా వినండి. అందులో నాకు పేచీ లేదు.

మూడు నెలల్లో వీటిమీద ఏం చేశారో రాతపూర్వకంగా తెలపకపోతే, ఇదే బల్ల మీద కూర్చునే మిగతా కుటుంబాలతో కలిసి కలెక్టరేట్ ముందు కూర్చుంటాం. అందులో సగం మంది ముసలివాళ్లమే. సర్వీసు లేని టైమ్‌లో బస్టాండ్‌లో కూర్చోవడం నాకు కొత్త కాదు.

చివరగా, ఈ లేఖ ఎవరైనా ఫోన్‌లో పంపితే అది చేరి మా అల్లుడి కంట పడవచ్చు. నాయనా, నిన్ను తిట్టడానికి రాయలేదు. సంతకం పెట్టకపోయినా ఫర్వాలేదు. "నేను ఒప్పుకోను" అని ఒక్క ముక్క రాసి కోర్టుకు పంపు. అప్పుడు నువ్వు ఉన్నావని తేలుతుంది, ఎదురుగా నిలబడి మాట్లాడుకోవచ్చు. పిల్ల వచ్చే నెల 11లోకి వస్తోంది. సెక్షన్ 26 దరఖాస్తు వాయిదా ఆ వారంలోనే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
జగిత్యాల జిల్లా